ఫలానావారి తమ్ముడు, ఫలానావారి చెల్లెలు: ఈ పిలుపు ఎప్పటికి మాసిపోతుంది?

మ్యాట్నీ_షో
ఈ మధ్య ఒక కొత్త నటుడి సినిమా చూసి వచ్చాక, అతని నటన గురించి ఎవరేమన్నారో చదువుదామని కూర్చున్నాను. చదివిన ప్రతి సమీక్షా అతని అన్నగారి పేరుతోనే మొదలైంది. తండ్రి మరణవార్త విన్న సన్నివేశంలో ఆ కుర్రవాడు ఏడవకుండా, తెగిన చెప్పు వారును సరిచేసుకుంటూ ఉండిపోయిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. దాని గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. అన్నగారి ముక్కు, అన్నగారి నవ్వు, అన్నగారి నడక అంటూ పోలికలు మాత్రం పేరాలకు పేరాలు రాశారు.

ప్రసిద్ధుల తమ్ముళ్ళలో, చెల్లెళ్ళలో కొందరు ఆ పిలుపును దాటి తమ పేరు తాము నిలబెట్టుకున్నారు. చాలామంది దాటలేకపోయారు. దాటినవారు ఏం చేసి దాటారు? ప్రతిభ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను, ఎందుకంటే ప్రతిభ ఉండి కూడా తోబుట్టువు నీడలోనే ఉండిపోయినవారిని చూశాను.

లెక్కలమాస్టారు
ఆ ఇంటిపేరు వల్ల ఒరిగిన మేలును కూడా లెక్కలో వేయండి. ఫొటోలు చేతపట్టుకుని ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగే కుర్రవాడికి దొరకని మొదటి అవకాశం, అన్నగారి ఇంట్లో కూర్చున్నవాడికి నడిచి వస్తుంది. పోలిక దానికి చెల్లించవలసిన మూల్యం. మూల్యం ఎక్కువైందని బాధపడవచ్చు గాని, అన్యాయమని అనడం నాకు సరిగా తోచదు.

పాతరీలు
మాస్టారి మాట మొదటి సినిమా వరకే నిజం. రెండో సినిమా నుంచి ఆ పేరు మోసే బరువే తప్ప, మోసుకుపోయే బండి కాదు.

అశోక్ కుమార్, కిశోర్ కుమార్ల సంగతి చూడండి. అన్నగారు 1911లోనూ, తమ్ముడు 1929లోనూ పుట్టారు. మధ్య పద్దెనిమిదేళ్ళ తేడా ఉంది కనుక, తమ్ముడికి ఊహ తెలిసేనాటికే అన్నగారు బాంబే టాకీస్ కథానాయకుడు. తమ్ముడు కూడా నటుడే కావాలని అన్నగారి కోరిక. తమ్ముడి మనసంతా పాట మీద ఉండేది. 1948లో 'జిద్దీ' చిత్రానికి ఖేమ్‌చంద్ ప్రకాశ్ పాడించిన మొదటి పాటలో వినిపించేది పూర్తిగా ప్రసిద్ధ గాయకుడు సైగల్ ఒరవడి. అంటే అన్నగారి నీడ నుంచి తప్పించుకుని, ఆ కుర్రవాడు ఇంకో పెద్దాయన నీడలోకి వెళ్ళాడు. తన గొంతు తనకు దొరకడానికి సమయం పట్టింది, ఈలోగా నటుడిగా ఎన్నో సినిమాలు చేశాడు. 1969లో 'ఆరాధన' వచ్చాక గాని హిందీ సినిమా పాటలో మొదటి వరుసకు రాలేదు. ఫిలింఫేర్ ఉత్తమ నేపథ్య గాయకుడి బహుమతి ఎనిమిదిసార్లు అందుకున్న మనిషికి, మొదటి పాటకూ ఆ స్థానానికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్ళు గడిచాయి. ఇంటిపేరు ఈ ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్క ఏడాదినైనా తగ్గించిందని నేను అనుకోను.

గమకం
పాతరీలు గారు చెప్పిన కథలో అన్నదమ్ముల దారులు వేరు. నటుడి తమ్ముడు గాయకుడైతే పోలిక దానంతట అదే పలచబడుతుంది. ఇద్దరిదీ ఒకే పని అయినప్పుడే అసలు పరీక్ష. లతా మంగేష్కర్ చెల్లెలు అదే మైకు ముందు, అదే సంగీత దర్శకుల వద్ద, అదే భాషలో పాడవలసి వచ్చింది. ఆశా భోస్లే అక్కగారి కన్నా నాలుగేళ్ళు మాత్రమే చిన్న. మొదట్లో ఆమెకు దక్కినవి ఇతరులు కాదన్న పాటలే ఎక్కువ. ఓ.పి. నయ్యర్ తన జీవితంలో లత చేత ఒక్క పాట కూడా పాడించకుండా, తన బాణీలను ఆశ గొంతు చుట్టూ అల్లుకున్నాక ఆమె దారి మారింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం 1981 నాటి 'ఉమ్రావ్ జాన్' చిత్రం. అప్పటికి ఆశ అంటే హుషారు పాటలు అని ముద్ర పడిపోయింది. సంగీత దర్శకుడు ఖయ్యాం ఆమె చేత మామూలుగా పాడే శ్రుతి కన్నా దించి గజళ్ళు పాడించారు. ఆ దించిన శ్రుతిలో ఆమె గొంతులోని బరువు, నీడ, అలసట అన్నీ బయటపడ్డాయి. ఆ పాటలకు జాతీయ బహుమతి వచ్చేనాటికి ఆమె వయసు యాభైకి దగ్గర పడింది. అంతవరకు అక్కగారితో పోలుస్తూ వచ్చినవారికి అక్కడ పోల్చడానికి ఏమీ మిగల్లేదు.

లెక్కలమాస్టారు
నయ్యర్ గారు లతను వద్దనుకోవడం ఆశ చేతిలో లేని విషయం. దానిని అదృష్టం అనే అనాలి.

గమకం
తలుపు తెరుచుకోవడం అదృష్టమే కావచ్చు, మాస్టారూ. లోపలికి వెళ్ళి దశాబ్దాల పాటు నిలబడడం అదృష్టం కాదు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం 1989కి అక్కకూ, 2000కి చెల్లెలికీ వచ్చింది. చెల్లెలు కాబట్టి ఇచ్చారని ఎవరూ అనలేదు.

రెండోబిడ్డ
ఈ చర్చ చదువుతుంటే నా సంగతి చెప్పాలనిపించింది. మా అక్క శాస్త్రీయ సంగీతంలో పేరున్న గాయని. నేను ఆమె కన్నా ఏడేళ్ళు చిన్న, నేనూ కచేరీలు చేస్తాను. కిందటి నెల ఒక కచేరీ మొదలయ్యే ముందు, తెర చాటున తంబురా శ్రుతి చేసుకుంటూ ఉండగా వ్యాఖ్యాత చేతిలోని అట్ట నా కంట పడింది. అక్క పేరు, ఆమె బిరుదులు సిరాతో పొందికగా రాసి ఉన్నాయి. వాటి కింద నా పేరు పెన్సిలుతో, అది కూడా ఒక అక్షరం తప్పుగా రాసి ఉంది. ఆయన మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడారు. అందులో నాకు దక్కింది 'వారి చెల్లెలు' అన్న రెండు మాటలే. వర్ణం పాడుతున్నంతసేపూ సభలో అందరూ నా గొంతులో అక్క కోసం వెతుకుతున్నట్టే అనిపించి, రెండుచోట్ల కాలం తప్పాను.

అక్క మీద నాకు రవ్వంత కోపం లేదు. నాకు సరళీ స్వరాలు నేర్పింది ఆమే. నిర్వాహకులతో ఈ విషయం మాట్లాడితే అక్కను చిన్నబుచ్చినట్టు అవుతుందేమోనని భయం. మాట్లాడకపోతే ఇలాగే సాగిపోతుందని ఇంకో భయం. మీలో ఎవరైనా ఇటువంటి స్థితిలో ఉన్నారా?

మ్యాట్నీ_షో
రెండోబిడ్డ గారూ, పెన్సిలుతో రాసిన మీ పేరే నా ప్రశ్నకు అసలు బొమ్మ. నేను చెప్పాలనుకుని సరిగా చెప్పలేకపోయింది అదే.

తెరవెనుక
నేను డబ్బింగ్ రంగంలో పనిచేస్తాను కనుక నాకు తెలిసిన వైపు నుంచి ఒక మాట చెబుతాను. ఎస్.పి. శైలజ గారిని మనం బాలు గారి చెల్లెలిగానే మొదట తలుచుకుంటాం. ఆమె గాయని. 1983లో వచ్చిన 'సాగర సంగమం'లో కె. విశ్వనాథ్ గారు ఆమె చేత నాట్యం తెలిసిన అమ్మాయి పాత్ర వేయించారు, పాత్ర పేరు కూడా శైలజే. అది చిన్న పాత్ర కాదు. పత్రికలో తన నాట్యాన్ని విమర్శించిన మనిషి మీద కోపంతో మొదలై, ఆయనకే శిష్యురాలిగా మారే పాత్ర. తరువాత టబు, సోనాలి బెంద్రే వంటి కథానాయికలకు ఆమె తెలుగు గొంతు ఇచ్చారు. థియేటర్లో ఆ గొంతు వింటున్నవారికి అది ఎవరి చెల్లెలిదో అన్న ధ్యాసే ఉండదు. పాత్ర మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

డబ్బింగ్ గదిలో తెర ఎదురుగా నిలబడితే, పెదవుల కదలికకు మాట సరిపోయిందా లేదా అన్నదే లెక్క. ఇంటిపేరు అక్కడ ఒక్క అక్షరాన్ని కూడా పెదవుల మీద కూర్చోబెట్టలేదు. చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు ఇటువంటి గది ఒకటి దొరకడం మంచిదని నా నమ్మకం: ముఖం కనిపించని చోట, పని మాత్రమే వినిపించే చోట కొన్నాళ్ళు ఉండడం.

పాతరీలు
తెరవెనుక గారు చెప్పిన గది సితార్ విద్వాంసుడు పండిత రవిశంకర్‌కు గురువు గారి ఊరు మైహర్‌లో దొరికింది. పదేళ్ళ వయసులో, 1930లో, అన్నగారు ఉదయ్ శంకర్ నాట్య బృందంతో పారిస్ వెళ్ళిన పిల్లవాడాయన. అన్నగారు యూరప్ అంతా మెచ్చిన నర్తకుడు. తమ్ముడూ బృందంలో నర్తించాడు, చప్పట్లు అందుకున్నాడు, మంచి బట్టలు, మంచి హోటళ్ళు అలవాటయ్యాయి. బృందంతో 1935లో కొంతకాలం తిరిగిన సంగీత గురువు అల్లావుద్దీన్ ఖాన్ ఆ కుర్రవాడిని చూసి, ఒక్కదాన్ని పట్టుకుని తక్కినవన్నీ వదిలేస్తే నేర్పుతానన్నారు. 1938లో ఆ పద్దెనిమిదేళ్ళ యువకుడు తల గొరిగించుకుని, ముతక బట్టలు కట్టుకుని గురువు గారి గుమ్మం ముందు నిలబడ్డాడు. అక్కడ ఆరేళ్ళకు పైగా సాధన చేశాడు.

నాట్యంలోనే ఉండి ఉంటే ఉదయ్ శంకర్ తమ్ముడిగా హాయిగా బతికేవాడు. ఆ హాయిని వదులుకోవడమే ఆయన చేసిన పెద్ద పని. 1967లో అమెరికాలోని మాంటెరీ సంగీత ఉత్సవంలో సితార్ విన్న పాశ్చాత్య యువతకు అన్నగారి పేరు తెలిసి ఉండవలసిన అవసరమే లేదు. 1999లో భారతరత్న వచ్చింది.

అనుమానం
అందరూ అన్నీ వదులుకుని ఆశ్రమాలకు వెళ్ళలేరు కదా. సినిమాల్లో ఉన్నవారి సంగతి చెప్పండి. నాకు తెలిసినంతవరకు అన్నదమ్ములు కలిసి పనిచేసినప్పుడే తమ్ముడు పైకి వచ్చాడు. బోనీ కపూర్ నిర్మాతగా ఉండడం వల్లనే అనిల్ కపూర్‌కు హిందీలో మొదటి కథానాయక పాత్ర దొరికింది, తరువాత మిగతా భాషలవారు పిలిచారు.

లెక్కలమాస్టారు
ఇది సరిదిద్దవలసిన మాట. అనిల్ కపూర్ మొట్టమొదట కథానాయకుడిగా నటించింది తెలుగులోనే. 1980లో వచ్చిన 'వంశవృక్షం' ఆ సినిమా, దర్శకుడు బాపు గారు. సొంత సంస్థ నిర్మించిన హిందీ చిత్రం 'వో సాత్ దిన్' 1983లో వచ్చింది, దానికీ బాపు గారే దర్శకులు. అన్నగారు వేదిక కట్టించి ఉండవచ్చు గాని, ఆ కుర్రవాడిలో కథానాయకుడిని ముందుగా చూసింది బయటి మనిషి.

అనుమానం
ఒప్పుకుంటున్నాను. ఆ సినిమా సంగతి నాకు తెలియదు.

మ్యాట్నీ_షో
బయటి మనిషి చూడడం అన్న మాట బాగుంది. ఇ.వి.వి. సత్యనారాయణ గారి అబ్బాయిలు ఇద్దరూ 2002లోనే తెరకు వచ్చారు. పెద్దబ్బాయి ఆర్యన్ రాజేష్ తండ్రి దర్శకత్వంలో వస్తే, చిన్నబ్బాయి నరేష్ రవిబాబు దర్శకత్వంలో 'అల్లరి'తో వచ్చాడు. ఆ సినిమా పేరే అతని ఇంటిపేరైంది. ఈరోజు 'అల్లరి నరేష్' అంటున్నప్పుడు ఎవరి కొడుకో, ఎవరి తమ్ముడో ఆ పిలుపులో లేదు, అతని మొదటి పని మాత్రమే ఉంది. నవ్వించే నటుడనే ముద్రతో ఏళ్ళ తరబడి ఉండి, 2021లో 'నాంది'తో ఆ ముద్రను కూడా దాటాడు.

మేడమీదగది
చిరంజీవి గారి తమ్ముడి ప్రస్తావన ఇంతవరకు రాకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

పాతరీలు
వస్తే అభిమానుల పోటీ మొదలవుతుందన్న సంకోచంతో ఆగాను. పని వరకే మాట్లాడుకుందాం. పవన్ కల్యాణ్ మొదటి చిత్రం 1996లో వచ్చినప్పుడు, ఆయనకు చిరంజీవి తమ్ముడు అన్న పరిచయం తప్ప మరేదీ లేదు. 1998లో 'తొలిప్రేమ' చూసినప్పుడు నేను గమనించింది ఒక్కటే: అన్నగారికి పెట్టనికోట అయిన నృత్యం జోలికి పోకుండా, చదువు అబ్బని, ప్రేమించిన అమ్మాయికి ఆ మాట చెప్పలేని ఒక మామూలు కుర్రవాడిగా నిలబడ్డాడు. దర్శకుడు కరుణాకరన్‌కు కూడా అది మొదటి సినిమా. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. అన్నగారు బలంగా ఉన్నచోట పోటీకి దిగకపోవడం కూడా ఒక తెలివే.

తెరవెనుక
సూర్య, కార్తి కూడా ఇదే లెక్కలోకి వస్తారు. సూర్య 1997లో నటుడైతే, కార్తి అమెరికాలో ఇంజినీరింగ్‌లో పై చదువు చదివి, తిరిగి వచ్చి మణిరత్నం వద్ద సహాయ దర్శకుడిగా చేరారు. 2004లో అన్నగారు నటించిన 'ఆయుత ఎళుత్తు'కు తమ్ముడు కెమెరా వెనుక పనిచేశారు. నటుడిగా మొదటి చిత్రం 'పరుత్తివీరన్' 2007లో వచ్చింది. చదువుకున్న నగరపు కుర్రవాడు, మొరటు పల్లెటూరి యువకుడి పాత్రతో మొదలుపెట్టడం ధైర్యమే.

నా రంగం నుంచి ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనం ఎన్నో ఏళ్ళు సూర్యను శ్రీనివాసమూర్తి గారి గొంతులో విన్నాం, అది అద్భుతమైన గొంతు. కార్తి మాత్రం తెలుగు నేర్చుకుని తన మాటలు తానే చెప్పుకున్నారు. 2016లో 'ఊపిరి' వచ్చేనాటికి ఆయనను మనవాళ్ళు పరభాషా నటుడిగా చూడడమే మానేశారు. తెలుగు ప్రేక్షకులకు అన్నగారిని గుర్తు చేయని గొంతు ఆయనకు అలా సమకూరింది.

గమకం
అక్కచెల్లెళ్ళను మరచిపోతున్నాం. అంబిక చెల్లెలు రాధ, నగ్మా చెల్లెలు జ్యోతిక, రాధిక చెల్లెలు నిరోష అందరూ తెరకు వచ్చినవారే. రాధ పేరు వినగానే మనలో ఎంతమందికి అంబిక గుర్తుకొస్తుంది? మలయాళంలో కళారంజని, కల్పన, ఊర్వశి ముగ్గురూ నటీమణులే. ఊర్వశికి 2005 చిత్రానికి, కల్పనకు 2012 చిత్రానికి సహాయ నటిగా జాతీయ బహుమతులు వచ్చాయి. అంటే చెల్లెలికే ముందు వచ్చింది. మా ఇంట్లో ఊర్వశి సినిమా పెడితే మా అమ్మాయి చదువు పక్కన పెట్టి వచ్చి కూర్చుంటుంది, ఆమెకు అక్కలు ఉన్నారని కూడా దానికి తెలియదు.

మేడమీదగది
పేరు మార్చుకుంటే సరిపోతుంది కదా? హాలీవుడ్ నటి జోన్ ఫాంటెయిన్‌కు ఇంటిపేరు వాడుకోవడానికి తల్లే ఒప్పుకోలేదు, అది అక్క ఒలివియా డి హావిలండ్‌కే చెందాలన్నది. జోన్ సవతి తండ్రి ఇంటిపేరు పెట్టుకుంది. 1941 చిత్రాలకు ఇచ్చిన ఆస్కార్‌లో ఉత్తమ నటి పోటీలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉంటే, చెల్లెలే గెలిచింది. షిర్లీ మెక్‌లెయిన్, వారెన్ బేటీ అక్కాతమ్ముళ్ళని ఇంటిపేర్లను బట్టి ఎవరూ చెప్పలేరు. తమ్ముడికి దర్శకుడిగా, అక్కకు నటిగా, ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి.

లెక్కలమాస్టారు
పేరు మారినంత మాత్రాన పోలిక ఆగలేదు. జోన్, ఒలివియాల పోటీని పత్రికలు జీవితాంతం రాస్తూనే ఉన్నాయి. నటి ఎలిజబెత్ ఓల్సెన్ కూడా కవల అక్కల పేరు భారమని ఇంటిపేరు వదులుకోవాలని ఆలోచించినట్టు ఆమే చెప్పింది. చివరికి వదులుకోలేదు. 2011లో చిన్న సినిమాతో మొదలై, మార్వెల్ చిత్రాల్లో వాండా పాత్రతో ప్రపంచమంతా తెలిసింది. అక్కలు పసితనం నుంచి టెలివిజన్ తెర మీద ఉన్నవారని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

నా మొదటి పోస్టును కొంత సవరించుకుంటున్నాను. మూల్యం అన్నాను గాని, ఆ మూల్యాన్ని నిర్ణయించేది తోబుట్టువు కాదు, చూసే మనమే. ఆ సమీక్షలు రాసినవాళ్ళమూ మనమే.

అనుమానం
పాప్ గాయని జానెట్ జాక్సన్ పేరు నేను చేర్చనా? ఆమె అన్న మైకేల్ కూడా ఒకప్పుడు అన్నల బృందంలో చిన్నవాడే. జానెట్ మొదటి రెండు ఆల్బమ్‌లు తండ్రి అజమాయిషీలో వచ్చి అంతంతమాత్రంగా పోయాయి. తరువాత ఆమె తండ్రిని ఆ బాధ్యత నుంచి తప్పించి, సంగీత నిర్మాతలు జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్‌లతో మినియాపోలిస్‌లో కూర్చుని 1986లో 'కంట్రోల్' చేసింది. ఆమెకు అప్పుడు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. అన్నగారి 'థ్రిల్లర్' ఆల్బమ్ వేడి ఇంకా చల్లారని రోజులవి.

తెరవెనుక
రెండోబిడ్డ గారి ప్రశ్నకు మనం ఇంకా జవాబు చెప్పలేదు. అమ్మా, నా సలహా ఇది. నిర్వాహకులతో ఫలానా పేరు వద్దు అని చెప్పకండి, అది గొడవగా వినిపిస్తుంది. పరిచయ వాక్యాలు మీరే రాసి ముందుగా ఇవ్వండి. వ్యాఖ్యాతలు చేతికి అందిందే చదువుతారు. అందనప్పుడే తమకు తెలిసిన పెద్ద పేరును పట్టుకుంటారు.

గమకం
దానికి ఒక్కటి చేరుస్తాను. మీ అక్కగారి పేరును తీసివేయకండి, చోటు మార్చండి. ఆమె మీకు సరళీ స్వరాలు నేర్పారు కదా, బంధువుల వరుసలో కాకుండా గురువుల వరుసలో ఉంచండి. ఆమెకు కూడా ఆ స్థానమే గౌరవం.

రెండోబిడ్డ
ఆరు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మీరిద్దరూ చెప్పినట్టే పరిచయం నేనే సిరాతో రాసి ఇచ్చాను. మొదటి వాక్యంలో నా పేరు, రెండో వాక్యంలో గురువుల పేర్లు, అందులో మొదటిది అక్కది, మూడో వాక్యంలో ఆ రోజు ప్రధానంగా పాడబోయే రాగం ఖరహరప్రియ అని. ఇచ్చేముందు అక్కకు చూపించాను. ఆమె చాలాసేపు ఆ అట్టను చూసి, నా పేరులో దీర్ఘం ఇంకొంచెం స్పష్టంగా రాయమంది.

వ్యాఖ్యాత ఉన్నది ఉన్నట్టు చదివారు. కచేరీ అయ్యాక ఒక పెద్దాయన వేదిక దగ్గరకు వచ్చి, నేను నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడడం) ఎత్తుకున్న చోటు పాడి చూపించి, అక్కడ తొందరపడ్డారమ్మా, ఇంకో రెండు తాళావర్తనాలు నిలబడవలసింది అన్నారు. మా అక్క పేరు ఆయన నోట రాలేదు. వచ్చే నెల అదే కృతిని మళ్ళీ పాడుతున్నాను, ఆ రెండు ఆవర్తనాల కోసం రోజూ తెల్లవారుజామున కూర్చుంటున్నాను.